ఇన్, ఆన్, ఎట్: అభన్‌పూర్ తెలుగువారికీ పారిస్ ఫ్రెంచివారికీ ఒకటే చిక్కు

రాయపూర్ నుంచి ధమ్‌తరీ వెళ్ళే దారిలో వచ్చే చిన్న పట్టణం అభన్‌పూర్. ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. కానీ తెలుగునేలకూ ఈ ఊరికీ దారి కలుస్తుంది. ముప్పయ్యో నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే జగదల్‌పూర్, కుంట, భద్రాచలం, కొత్తగూడెం దాటుకుంటూ విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. సుమారు 464 కిలోమీటర్ల రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల కొత్త రహదారి అభన్‌పూర్ దగ్గరే మొదలై సబ్బవరం దగ్గర ముగుస్తుంది. ఊరికి కాస్త దూరంలోని చంపారణ్ వల్లభాచార్యుల జన్మస్థలమని పుష్టిమార్గం వారి నమ్మకం. ఆయన తల్లిదండ్రులు తెలుగువారు. అంటే ఈ ప్రాంతానికి తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ రైలు ఉద్యోగాల కోసం, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం, వ్యాపారాల కోసం వచ్చి రాయపూర్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి.

అలాంటి ఇంట్లో పెరిగే పిల్లల సంగతి చూడండి. అమ్మతో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ. మూడు భాషలు తడుముకోకుండా మాట్లాడతారు. కానీ ఇంగ్లీషు పరీక్షలో ఖాళీలు పూరించమని 'ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, సిన్స్' ఇచ్చేసరికి అదృష్టాన్ని నమ్ముకుంటారు. మూడు భాషలు వచ్చినవాళ్ళకి రెండక్షరాల మాట దగ్గర ఈ తడబాటు ఎందుకు?

దీనికి మన బళ్ళల్లో తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. మన భాషల్లో విభక్తి మాట తర్వాత వస్తుంది, ఇంగ్లీషులో ముందు వస్తుంది, ఆ తలకిందుల వ్యవహారం వల్లే పొరపాట్లు అని. ఈ జవాబులో నిజం కొంతే. మిగతా నిజం తెలియాలంటే మన పక్కన ఒక ఫ్రెంచి మనిషిని కూర్చోబెట్టి చూడాలి.

ముందా, వెనకా?

మొదట ఆ కొంత నిజం సంగతి. 'ఇంట్లో' అనే మాటని అభన్‌పూర్‌లో మూడు రకాలుగా వింటాం: తెలుగులో 'ఇంట్లో', హిందీలో 'ఘర్ మేఁ', ఛత్తీస్‌గఢీలో 'ఘర్ మా'. 'నాకు' అనడానికి హిందీలో 'ముఝే' లేదా 'ముఝ్ కో', ఛత్తీస్‌గఢీలో 'మోలా'. 'రాయపూర్ నుంచి' అంటే హిందీలో 'రాయపూర్ సే', ఛత్తీస్‌గఢీలో 'రాయపూర్ లే'. తెలుగు ద్రావిడ భాష, మిగతా రెండూ ఆర్యభాషలు. కుటుంబాలు వేరైనా మూడింటిదీ ఒకే వరస: ముందు ఇల్లు, తర్వాత 'లో'.

ఇది యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషావేత్త 1963లో 30 భాషల్ని పోల్చి చూసి ఒక మాట చెప్పాడు. క్రియ వాక్యం చివర వచ్చే భాషల్లో సంబంధం తెలిపే మాట నామవాచకం తర్వాత రావడం అత్యధికంగా కనిపిస్తుందని. తెలుగు, హిందీ, తమిళం, జపానీ, టర్కిష్ అన్నీ ఈ కోవలోవే. 'రాముడు ఇంటికి వెళ్ళాడు' అనే భాషలో 'కి' వెనకే ఉంటుంది. 'రామ వెంట్ టు ద హౌస్' అనే భాషలో సాధారణంగా ముందే ఉంటుంది.

ఒకప్పుడు ఇంగ్లీషులోనూ మాట చివర ప్రత్యయాలుండేవి. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకం కర్త అయితే ఒక రూపం, కర్మ అయితే ఒక రూపం, 'యొక్క' అర్థానికి ఒకటి, 'కు' అర్థానికి ఒకటి. కాలక్రమంలో ఆ చివరలు అరిగిపోయాయి. వాటి పని చాలావరకు ముందు నిలబడే చిన్న మాటల నెత్తిన పడింది. లాటిన్ నుంచి పుట్టిన ఫ్రెంచిలోనూ అదే జరిగింది. అందుకే ఈ రెండు భాషల్లో ప్రిపోజిషన్లు అంత పని చేస్తాయి. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో కూర్చిన విభక్తుల పట్టికను మనం డుమువులని పేరు పెట్టి వల్లెవేశాం. ఇంగ్లీషువాళ్ళకి అలాంటి పట్టిక చెల్లాచెదురై ప్రిపోజిషన్లుగా మిగిలింది.

ఫ్రెంచివాళ్ళు ఎందుకు తప్పుతారు?

ఫ్రెంచిలో ప్రిపోజిషన్ ముందే వస్తుంది. వాక్యం వరస కూడా చాలావరకు ఇంగ్లీషుదే. పైగా 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వేలాది ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో కలిసిపోయాయి. కాబట్టి ఫ్రెంచివాళ్ళకి ఇంగ్లీషు ప్రిపోజిషన్లు నల్లేరు మీద బండి నడక కావాలి. కావు. వాళ్ళూ తప్పుతారు, చాలాసార్లు మనం తప్పే చోటే తప్పుతారు.

'మూడేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను' అనే మామూలు మాట తీసుకుందాం. మనవాళ్ళు 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. హిందీలో 'తీన్ సాల్ సే' ఉంది కనుక హిందీవాళ్ళూ అదే అంటారు. ఫ్రెంచిలో 'దెప్వీ త్ర్వా జాఁ' ఉంది కనుక ఫ్రెంచివాళ్ళు 'ఐ లివ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. ఈ భాషలన్నిటిలో మొదలైన సమయానికీ గడిచిన కాలానికీ ఒకే మాట సరిపోతుంది: '2022 నుంచి', 'మూడేళ్ళ నుంచి'. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. మొదలైన క్షణం చెబితే 'సిన్స్ 2022'. ఎంతకాలమో చెబితే 'ఫర్ త్రీ ఇయర్స్'. ఆపైన క్రియ కూడా మారాలి: 'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్'. ఫ్రెంచివాడు ప్రిపోజిషన్ ముందే పెట్టాడు, అయినా తప్పాడు. అంటే చిక్కు ముందూ వెనకల్లో లేదు. ఏ సంబంధానికి ఏ మాట అన్న పంపకంలో ఉంది.

ఈ పంపకం ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక చోట మనం గెలుస్తాం, మరో చోట వాళ్ళు గెలుస్తారు. 'ఆధారపడు' తీసుకోండి. తెలుగులో 'వాన మీద ఆధారపడి', హిందీలో 'బారిశ్ పర్ నిర్భర్'. ఇంగ్లీషులోనూ 'డిపెండ్ ఆన్'. మనకి అడక్కుండానే సరిపోయింది. ఫ్రెంచిలో మాత్రం 'దెపాఁద్ర్ ద', అంటే దాదాపు 'ఆఫ్'. అందుకే ఫ్రెంచి విద్యార్థి 'ఇట్ డిపెండ్స్ ఆఫ్ ద వెదర్' అని రాస్తాడు. 'బస్సు కోసం ఎదురుచూస్తున్నా' అనే మనకి 'వెయిటింగ్ ఫర్ ద బస్' సులువు. ఫ్రెంచిలో 'అతాఁద్ర్' అనే క్రియకి ఏ ప్రిపోజిషనూ అక్కర్లేదు కాబట్టి వాళ్ళు 'ఐ యామ్ వెయిటింగ్ ద బస్' అంటారు.

భయం దగ్గర లెక్క తిరగబడుతుంది. ఫ్రెంచిలో 'పర్ ద', ఇంగ్లీషులో 'అఫ్రెయిడ్ ఆఫ్', రెండూ కలిశాయి. హిందీలో 'సాఁప్ సే డర్' కాబట్టి హిందీ పిల్లలు 'అఫ్రెయిడ్ ఫ్రమ్ స్నేక్' అంటారు. తెలుగులో 'పామంటే భయం', అందులో పట్టుకోవడానికి విభక్తే లేదు. అభన్‌పూర్ తెలుగు పిల్లవాడు ఈ చోట హిందీ దారిలో వెళ్ళి 'ఫ్రమ్' పెట్టే అవకాశం ఎక్కువ. అదే పిల్లవాడికి మరోచోట హిందీ మేలు చేస్తుంది. తెలుగులో 'ఫోన్‌లో మాట్లాడుతున్నా' అంటాం కనుక 'ఇన్ ఫోన్' అనాలనిపిస్తుంది. హిందీలో 'ఫోన్ పర్' అంటారు. ఇంగ్లీషులో 'ఆన్ ద ఫోన్' సరైనది. 'టీవీలో చూశా' కూడా అంతే, 'ఆన్ టీవీ'.

ఇక అందరూ మూకుమ్మడిగా బోల్తాపడే చోట్లు కొన్ని ఉన్నాయి. 'ఫలానా అతనితో పెళ్ళయింది' అని మనం, 'మారియే అవెక్' అని వాళ్ళు. కాబట్టి ఇద్దరమూ 'మ్యారీడ్ విత్' అంటాం. ఇంగ్లీషులో 'మ్యారీడ్ టు'. 'ఇంగ్లీషులో దిట్ట' అని మనం, 'బోఁ ఆఁ నాఁగ్లే' అని వాళ్ళు. ఇద్దరిదీ 'గుడ్ ఇన్ ఇంగ్లిష్'. ఇంగ్లీషులో 'గుడ్ ఎట్'. 'నాకు వివరించు' అని మనం, 'ఎక్స్‌ప్లికే మ్వా' అని వాళ్ళు. ఇద్దరమూ 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అంటాం. ఇంగ్లీషులో 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ'. 'పాట విను'లోనూ, ఫ్రెంచి 'ఎకూతే'లోనూ అదనపు మాట లేదు. అందుకే 'లిజన్ ద సాంగ్'. ఇంగ్లీషుకి 'లిజన్ టు' కావాలి.

చెక్కతో చేసిన బల్ల గురించి చెప్పాలంటే తెలుగు 'తో' వాడుతుంది, హిందీ 'సే' వాడుతుంది, ఫ్రెంచి 'ఆఁ' వాడుతుంది, ఇంగ్లీషు 'మేడ్ ఆఫ్ వుడ్' అంటుంది. నాలుగు భాషలు, నాలుగు మాటలు. ఇందులో ఏది తర్కం, ఏది తర్కం కాదు అని వాదించి లాభం లేదు.

మన పట్టికలో దాగిన సాయం

'ఇన్, ఆన్, ఎట్' మూడింటి మధ్య తేడాను ఇంగ్లీషు పుస్తకాలు ఇలా చెబుతాయి: ఒక చోటును చుక్కగా చూస్తే 'ఎట్', గీతగా లేక ఉపరితలంగా చూస్తే 'ఆన్', చుట్టూ హద్దులున్న ఆవరణగా చూస్తే 'ఇన్'. దీన్ని అభన్‌పూర్ పటం మీదే చూడవచ్చు.

రైలెక్కి వెళ్తున్న మనిషికి అభన్‌పూర్ దారిలో ఒక చుక్క: 'ద ట్రెయిన్ స్టాప్స్ ఎట్ అభన్‌పూర్'. ఇల్లు కట్టుకుని ఉన్న మనిషికి అది వీధులూ బజారూ ఉన్న ఊరు: 'ఐ లివ్ ఇన్ అభన్‌పూర్'. జాతీయ రహదారి గీత కాబట్టి 'అభన్‌పూర్ ఈజ్ ఆన్ నేషనల్ హైవే 30'. నది కూడా గీతే. అందుకే మహానది ఒడ్డునున్న రాజిమ్‌ని 'రాజిమ్ ఈజ్ ఆన్ ద మహానది' అంటారు, గోదావరి ఒడ్డునున్న రాజమండ్రినీ అలాగే. వినడానికి ఊరు నీళ్ళ మీద తేలుతున్నట్టు అనిపించవచ్చు, కానీ ఇంగ్లీషు చెవికి అది 'ఒడ్డున' అనే అర్థమే. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే సంగతికొస్తే 'ఫ్రమ్ రాయపూర్ టు విశాఖపట్నం'. మధ్యలో ఒడిశా భూభాగంలోంచి దూరి వెళ్తుంది కనుక 'త్రూ ఒడిశా'.

తెలుగులో 'అభన్‌పూర్‌లో ఆగింది', 'అభన్‌పూర్‌లో ఉంటున్నా', 'బస్సులో వస్తున్నా', 'ఫోన్‌లో చెప్పా'. నాలుగు చోట్లా ఒకే 'లో'. ఇంగ్లీషులో వరసగా 'ఎట్, ఇన్, ఆన్, ఆన్'. 'లో' అనగానే 'ఇన్' అని మనసులో ముద్రపడటమే మన తప్పుల్లో పెద్ద వాటాకి కారణం. వాహనాలకి ఒక ఆనవాలు చెబుతారు. నిలబడి నడవగలిగిన పెద్ద వాహనమైతే 'ఆన్': ఆన్ ద బస్, ఆన్ ద ట్రెయిన్, ఆన్ ద ప్లేన్. ఒదిగి కూర్చోవలసిన చిన్నదైతే 'ఇన్': ఇన్ ద కార్, ఇన్ యాన్ ఆటో. ఫ్రెంచివాడు 'దాఁ ల బ్యూస్' అంటాడు కనుక అతనిదీ మన 'ఇన్ ద బస్' తప్పే.

స్థలం విషయంలో ఇంత గందరగోళమున్నా, కాలం విషయంలో తెలుగువాళ్ళకి ఒక వరం ఉంది. దీన్ని మన ఇంగ్లీషు పాఠాలు అంతగా వాడుకోవడం లేదు. మందిర్ హసౌద్ మీదుగా రాయపూర్–అభన్‌పూర్ మెము రైలు మొదలైన తేదీని తెలుగులో చెప్పండి: 2025లో, మార్చి 30న. రోజూ బండి ఎక్కే వేళ చెప్పండి: ఐదు గంటలకు. లో, న, కు. ఇంగ్లీషులో: ఇన్ 2025, ఆన్ 30 మార్చ్, ఎట్ ఫైవ్ ఓ క్లాక్. ఇన్, ఆన్, ఎట్. ఏడాదికీ నెలకీ మనం 'లో' పెట్టే చోట వాళ్ళు 'ఇన్', తేదీకి 'న' పెట్టే చోట 'ఆన్', గడియారానికి 'కు' పెట్టే చోట 'ఎట్' పెడతారు. ఫ్రెంచివాళ్ళకి ఈ సౌకర్యం లేదు. వాళ్ళు తేదీకి ప్రిపోజిషనే వాడరు, 'ల త్రాంత్ మార్స్' అంటారు. అందుకే 'ఐ కేమ్ ద 30 మార్చ్' అని రాస్తారు. హిందీలో గంటకి విభక్తే లేదు, 'పాఁచ్ బజే' అంటే సరిపోతుంది.

ఈ వరానికీ మినహాయింపులున్నాయి. 'రాత్రి'కి తెలుగులో ఏమీ అక్కర్లేదు, ఇంగ్లీషులో 'ఎట్ నైట్'. 'పొద్దున'కి 'ఇన్ ద మార్నింగ్'. కానీ 'సోమవారం పొద్దున' అంటే రోజు పేరు రాగానే 'ఆన్ మండే మార్నింగ్'. వారం పేరుకి తెలుగులో ఊరికే 'ఆదివారం వస్తా' అంటాం, ఇంగ్లీషులో 'ఆన్ సండే'. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే కాలం తాలూకు ఖాళీలు చాలావరకు నిండిపోతాయి.

వల్లభాచార్యుల పుట్టుకను ఒక్క ఇంగ్లీషు వాక్యంలో చెబితే మూడు ప్రిపోజిషన్లు కనిపిస్తాయి: బార్న్ ఇన్ 1479, ఎట్ చంపారణ్, టు లక్ష్మణభట్ట అండ్ ఇల్లమ్మ. 'లక్ష్మణభట్టు, ఇల్లమ్మలకు పుట్టాడు' అనే తెలుగులోని 'కు' ఇంగ్లీషు 'టు'తో చక్కగా కుదిరింది. ఫ్రెంచివాడు మాత్రం ఇక్కడ 'నే ద' అనే తన అలవాటు కొద్దీ 'బార్న్ ఆఫ్' వైపు మొగ్గుతాడు.

అసలు ప్రిపోజిషన్ అక్కర్లేని చోట

అవసరం లేనిచోట ప్రిపోజిషన్‌నో మరో చిన్న మాటనో తగిలించడం మనవాళ్ళ ఇంగ్లీషులో బాగా కనిపించే మరో తప్పు. 'డిస్కస్ అబౌట్ ద మేటర్', 'ఎంటర్ ఇంటు ద రూమ్', 'రిటర్న్ బ్యాక్', 'ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్', 'రీచ్‌డ్ టు రాయపూర్'. ఆఫీసు ఉత్తరాల్లో, సెలవు చీటీల్లో ఇవి రోజూ కనిపిస్తాయి. తెలుగులో 'గురించి చర్చించాం', 'గదిలోకి ప్రవేశించాడు', 'రాయపూర్‌కి చేరాడు' అంటాం కనుక ఆ 'గురించి', 'లోకి', 'కి' మనతో పాటే ఇంగ్లీషులోకి నడిచి వస్తాయి. ఫ్రెంచివాళ్ళూ 'డిస్కస్ ఆఫ్' అనేస్తారు, వాళ్ళ భాషలో 'దిస్క్యుతే ద' ఉంది కాబట్టి.

ఈ తప్పుల వెనక ఇంగ్లీషు చరిత్ర ఉంది. నార్మన్ల తర్వాత ఇంగ్లీషులో చాలా పనులకి రెండేసి క్రియలు తయారయ్యాయి. సొంత పాత క్రియ ఒకటి, అది ప్రిపోజిషన్‌నో మరో చిన్న మాటనో వెంటబెట్టుకుని వస్తుంది. ఫ్రెంచి ద్వారానో లాటిన్ నుంచో వచ్చిన క్రియ మరొకటి, అది చాలాసార్లు ఒంటరిగానే వస్తుంది. 'టాక్ అబౌట్' ఉంది, 'డిస్కస్' ఉంది. 'గో ఇంటు' ఉంది, 'ఎంటర్' ఉంది. 'కమ్ బ్యాక్' ఉంది, 'రిటర్న్' ఉంది. 'ఆస్క్ ఫర్' ఉంది, 'రిక్వెస్ట్' ఉంది. లాటిన్‌లో 'రీ' అంటేనే వెనక్కి. 'ఎంటర్' మూలంలో ఉన్నదే 'లోపలికి' అనే అర్థం. అంటే ప్రిపోజిషన్ చేసే పని ఆ మాట కడుపులోనే ఉంది, పైన మరొకటి పెడితే పునరుక్తి. మనం చేసేది ఈ జంటల్ని కలిపి వండటం: 'టాక్ అబౌట్'లోని 'అబౌట్' తీసి 'డిస్కస్'కి అంటిస్తాం. ఇది అన్ని క్రియలకీ వర్తించే సూత్రం కాదు. 'డిపెండ్' కూడా లాటిన్ మాటే, దానికి 'ఆన్' కావాలి. కానీ పైన చెప్పిన నాలుగు జంటలు పక్కపక్కన రాసుకుంటే ఆఫీసు ఇంగ్లీషులో చాలా మరకలు పోతాయి.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఒకటుంది, ఉండాల్సిన ప్రిపోజిషన్ ఎగిరిపోవడం. ప్రశ్న వేసేటప్పుడు ఇది ఎక్కువ. ఎవరి కోసం చూస్తున్నావు అని అడగాలంటే ఇంగ్లీషులో 'హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?'. 'ఫర్' వాక్యం కొసకి వెళ్ళిపోయింది. తెలుగులోగానీ ఫ్రెంచిలోగానీ 'కోసం'ని 'ఎవరి' నుంచి అలా విడదీసి పంపలేం. అందుకే మన పిల్లలు 'వాట్ ఆర్ యూ లుకింగ్?' అని ఆగిపోతారు, కొసన 'ఎట్' ఎగిరిపోతుంది. ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించడం గంభీరమైన రచనకి అంతగా నప్పదని తర్వాతి కాలంలో బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో తన వ్యాకరణంలో రాశాడు. మాటల్లో అదే వాడుక అని ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి కొసన ప్రిపోజిషన్ పెట్టడానికి జంకక్కర్లేదు.

మిగతా వ్యాకరణంలోనూ ఇదే కథ

ఆర్టికల్స్ విషయంలో ఫ్రెంచివాళ్ళకీ మనకీ వ్యాధి ఒకటే, లక్షణాలు ఎదురు. తెలుగులో 'ద' లాంటిది లేదు కాబట్టి మనం 'సన్ రైజెస్ ఇన్ ఈస్ట్' అని రెండు చోట్లా మింగేస్తాం. ఫ్రెంచిలో 'లా వీ' అని జీవితానికి కూడా ముందు ఒక మాట తప్పదు కాబట్టి వాళ్ళు 'ద లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' అని అక్కర్లేని చోట కూడా 'ద' పెడతారు.

వయసు చెప్పడంలో మూడు భాషలదీ తలో దారి. 'నాకు ఇరవై ఏళ్ళు' అని మనం, 'నా దగ్గర ఇరవై ఏళ్ళున్నాయి' అన్నట్టు ఫ్రెంచివాళ్ళు, 'నేను ఇరవై' అన్నట్టు ఇంగ్లీషువాళ్ళు. 'నిన్న అతన్ని చూశాను' అనడానికి ఫ్రెంచి మాటల్లో వాడే భూతకాల రూపం చూడటానికి ఇంగ్లీషు 'హావ్ సీన్'లా ఉంటుంది. అందుకే వాళ్ళు 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అంటారు. మనవాళ్ళ నోటా అదే వాక్యం తరచుగా వినిపిస్తుంది. నిన్న, మొన్న, 2022లో అని కాలం స్పష్టంగా చెప్పేస్తే ఇంగ్లీషులో 'హావ్' పనికిరాదు. 'ఐ సా హిమ్ యెస్టర్‌డే' చాలు.

ఫ్రెంచి చదివిన తెలుగువారు

ఇంతసేపూ తెలుగువాణ్ణీ ఫ్రెంచివాణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టాం. ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్న ఊరు కూడా మనకుంది. కాకినాడకి దగ్గర్లోని యానాంలో 1723లో ఫ్రెంచివాళ్ళు అడుగుపెట్టారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయి వచ్చినా, 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలనే నడిచింది. ఇంట్లో గోదావరి తెలుగు మాట్లాడే పిల్లలు బళ్ళో ఫ్రెంచి చదివారు. చుట్టూ ఉన్న జిల్లా అంతా ఇంగ్లీషు ఏలుబడిలో ఉంటే మధ్యలో ఈ ఊరి కాగితాలు ఫ్రెంచివి. 1956 నాటి అప్పగింత ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని కూడా రాసుకున్నారు. 1962 ఆగస్టు 16న ఒప్పందం చట్టరీత్యా అమల్లోకి వచ్చింది.

యానాం విమోచనానికి నాయకత్వం వహించిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి చదువు చదివి, ఫ్రెంచి పోలీసుశాఖలో పనిచేసినవారు. తన పోరాట జ్ఞాపకాలని చివరికి ఆయన ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. మాతృభాషా, బడి భాషా రెండూ కాని మూడో భాషలో. ప్రిపోజిషన్ల దగ్గర రెండు వైపుల నుంచీ లాగుడు ఉన్నా ఆ భాష పట్టుబడుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకి అక్కర్లేదు.

ఇలాంటి తప్పుల్ని చూసే తీరు కూడా ఆ రోజుల్లోనే మారింది. 1957లో రాబర్ట్ లాడో అనే భాషావేత్త రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందే చెప్పవచ్చన్నాడు. 1967లో పిట్ కార్డర్ ఇంకో అడుగు వేసి, విద్యార్థి తప్పు అతను నేర్చుకుంటున్న తీరుకి సాక్ష్యమన్నాడు. 1972లో లారీ సెలింకర్, నేర్చుకునేవాడి నోట్లో తన భాషా కాని, ఇంగ్లీషూ కాని ఒక నడిమి భాష ఉంటుందని, దానికీ తనదైన క్రమం ఉంటుందని చెప్పాడు. హైదరాబాదులో 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో ఫ్రెంచి వంటి విదేశీ భాషల్ని కూడా కలుపుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఇలాంటి బోధనకే పుట్టింది.

ఎలా నేర్చుకోవాలి?

ప్రిపోజిషన్‌కి అర్థం బట్టీపట్టి లాభం లేదు. 'ఆన్ అంటే మీద' అని నేర్చుకున్నవాడు 'ఆన్ సండే' దగ్గర ఆగిపోతాడు. నేర్చుకోవలసింది జంట. 'డిపెండ్' అనే మాటని ఒంటరిగా పుస్తకంలో రాసుకోవద్దు, 'డిపెండ్ ఆన్' అని రాసుకోండి. 'మ్యారీడ్ టు', 'గుడ్ ఎట్', 'అఫ్రెయిడ్ ఆఫ్', 'లిజన్ టు', 'వెయిట్ ఫర్', 'ఎక్స్‌ప్లెయిన్ టు', 'ఇంటరెస్టెడ్ ఇన్', 'డిఫరెంట్ ఫ్రమ్', 'మేడ్ ఆఫ్'. రోజుకి రెండు జంటలు, ఒక్కోదానికీ మీ ఊరి మీద మీరే రాసిన ఒక వాక్యం. ఏ. ఎస్. హార్న్‌బీ కూర్చిన నిఘంటువు 1942లో జపానులో వచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతి, మాట అర్థంతో పాటు దాని వాడుక నమూనా కూడా ఇవ్వడం. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. అలాంటి నిఘంటువులో క్రియ పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో ఇచ్చి ఉంటుంది. మొబైల్‌లో అర్థం చూసి మూసేయకుండా ఆ ఒక్క లైను కూడా చదవండి.

ఖాళీ పూరించేటప్పుడు మూడు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఇక్కడ అసలు ప్రిపోజిషన్ అవసరమా? పక్కనున్న క్రియకో విశేషణానికో తన జంట ఉందా? అది లేకపోతే, చెబుతున్న చోటు చుక్కా, గీతా, ఆవరణా? కాలమైతే మన లో, న, కు గుర్తు చేసుకోండి. ఈ వరసలో వెళ్తే ఊహించి పెట్టాల్సిన అవసరం అరుదు.

మాట్లాడేటప్పుడు మాత్రం ఇవేవీ లెక్కపెట్టొద్దు. 'సిన్స్ త్రీ ఇయర్స్' అన్నంత మాత్రాన ఎదుటివాడికి అర్థం కాకుండా పోదు. నోరు ఆడనివ్వండి, రాతలో సరిచేసుకోండి.

పాఠాలు చెప్పేవాళ్ళకీ ఒక విన్నపం. నోటుబుక్కులో తప్పు ప్రిపోజిషన్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి వదిలేయకండి. సున్నా చూస్తే పిల్లవాడికి తప్పని తెలుస్తుంది, ఒప్పేమిటో తెలియదు. పక్కన అంచులో జంట మొత్తం రాయండి, 'మ్యారీడ్ టు' అని. ఆ తప్పు తెలుగు నుంచి వచ్చిందో హిందీ నుంచి వచ్చిందో ఒక్క మాటలో చెప్పండి. అరనిమిషం పని. పిల్లవాడు ఆ తప్పు మళ్ళీ చేసే అవకాశం తగ్గుతుంది, పైగా తన భాష మీద చిన్నచూపు కూడా కలగదు.